ముఖాన చెప్పిన తప్పు

తోటివాడు తప్పు చేయడం కళ్ళారా చూశాం. అప్పుడు మనమేం చేయాలి? చూసీ చూడనట్టు ఊరుకోవడం మంచితనమా, లేక పిరికితనమా? వేదాంత తరగతుల్లో చాలా ఏళ్ళ కిందట చదువుకున్న ఈ ప్రశ్న, ఈ మధ్య ఒక సరస్సు ఒడ్డున నాకు మళ్ళీ ఎదురైంది.

గత జనవరిలో కొన్నాళ్ళు అమెరికాలోని సియాటిల్‌లో మా అక్క కొడుకు ఇంట్లో ఉన్నాను. ఆ నగరానికి తూర్పున వాషింగ్టన్ సరస్సు ఉంది. పొడవు సుమారు 35 కిలోమీటర్లు. చలికాలంలో కూడా అది గడ్డకట్టదు గాని, నీళ్ళు మాత్రం 7, 8 డిగ్రీల దగ్గర ఉంటాయి. అటువంటి నీళ్ళ మీద, సన్నగా వాన పడుతుండగా, సెలవు రోజున తెరచాప పడవల పందెం. వీళ్ళెవరూ వృత్తి క్రీడాకారులు కారు. వారమంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. గెలిస్తే డబ్బు రాదు, పత్రికలో పేరు పడదు. మావాడు ఐదుగురు ఎక్కే 24 అడుగుల పడవలో తాళ్ళు లాగే పని చేస్తాడు. వాడి కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని నేను ఒడ్డున నిలబడ్డాను.

వాళ్ళ పడవ మంచి ఊపు మీద మూడో స్థానంలో వస్తోంది. ఉన్నట్టుండి దారి వదిలి పక్కకు పోయింది. అక్కడ గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది, మళ్ళీ ఇంకో చుట్టు తిరిగింది. చాపలు టపటపా కొట్టుకున్నాయి. ఈలోగా నాలుగు పడవలు దాటిపోయాయి. చుక్కాని విరిగిందేమోనని నాకు గుండె దడ.

ఒడ్డుకు వచ్చాక అడిగితే మావాడు నవ్వాడు. "ఏమీ విరగలేదు మావయ్యా. మాదే తప్పు. శిక్ష వేసుకున్నాం."

"ఎవరు వేశారు?"

"మేమే."

తర్వాత వేడి టీ తాగుతూ వివరంగా చెప్పాడు. రెండు పడవలు ఎదురుపడినప్పుడు, కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకు, ఎడమవైపు నుంచి గాలి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. వీళ్ళు ఇవ్వడం ఆలస్యమైంది. అవతలి పడవ తప్పుకోవలసి వచ్చింది. ఆ క్షణంలోనే అందులోంచి ఒకామె గట్టిగా "ప్రొటెస్ట్!" అని అరిచి, ఎర్రజెండా పైకెత్తింది. వీళ్ళు తప్పు ఒప్పుకుని, మిగతా పడవలకు అడ్డు లేకుండా పక్కకు పోయి, రెండు చుట్లు తిరిగారు. అంతటితో ఆ తప్పు తీరిపోయింది. 'ప్రొటెస్ట్' అన్న మాట వినగానే కతోలిక గురువునైన నాకు పదహారో శతాబ్దం గుర్తొచ్చింది గాని, ఈ ప్రొటెస్ట్ సంగతి వేరు.

ఈ ఆటలో సాధారణంగా పడవల వెంట ఈల పట్టుకుని తిరిగే అంపైరు ఉండడు. నియమాలను పాటించడమే కాదు, పాటింపజేయడం కూడా ఆటగాళ్ళ బాధ్యతే అని ప్రపంచమంతటా వాడే పందెపు నియమావళి మొదట్లోనే చెబుతుంది. గుర్తుగా వేసిన తేలుడు బుడ్డిని తాకితే ఒక చుట్టు. మరో పడవ హక్కుకు భంగం కలిగిస్తే రెండు చుట్లు. తీవ్రమైన నష్టమో గాయమో చేస్తే పందెం నుంచి విరమించుకోవాలి. చలికాలంలో ఈ చుట్లు మరీ కష్టం. మొద్దుబారిన వేళ్ళతో తడి తాళ్ళు లాగాలి. పైగా మంచులో, వానలో ఎవరు చూశారులే అనిపిస్తుంది.

ఎవరికీ కనిపించకుండా తప్పు చేయగలిగితే మనిషి నీతిగా ఉంటాడా? ప్లేటో 'రిపబ్లిక్' గ్రంథంలో గైజెస్ ఉంగరం కథ ఈ ప్రశ్న కోసమే వస్తుంది. ఆ ఉంగరం తొడుక్కుని తిప్పితే మనిషి మాయమైపోతాడు. ఈ ప్రశ్న మనకు బాగా తెలిసినదే. అంతరాత్మ గురించి చెప్పినప్పుడల్లా దీన్నే చెప్పుకుంటాం. కాని ఆ రోజు నన్ను ఆలోచింపజేసింది చుట్లు తిరిగిన మావాడు కాదు. "ప్రొటెస్ట్" అని అరిచిన ఆమె.

ఆమె ఊరుకోవచ్చు. ఏ పడవకూ దెబ్బ తగల్లేదు. పోయింది నాలుగు గజాల దూరమే. వాళ్ళంతా వారం వారం కలిసేవాళ్ళు. మనమైతే ఏం చేసేవాళ్ళం? అప్పుడు నవ్వి ఊరుకుని, సాయంత్రం ఇంటికి వెళ్ళాక, "వాళ్ళ పద్ధతే అంత" అని నలుగురితో చెప్పేవాళ్ళం. ఆ మాట ఊరంతా తిరిగి, చివరికి ఎవరి గురించి అన్నామో వాళ్ళ చెవిన పడేది, అదీ పదింతలై.

పడవల పందెంలో ఈ దారి మూసేశారు. ఫిర్యాదు ఉంటే వెంటనే, ఎదుటివాళ్ళకు వినబడేలా చెప్పాలి. ఆరు మీటర్లు, అంతకు మించిన పొడవున్న పడవైతే జెండా కూడా చూపాలి. ఆ క్షణంలో నోరు మూసుకుని, మూడు గంటల తర్వాత గుర్తు చేసుకుని వచ్చి చెబితే ఆ ఫిర్యాదు చెల్లదు. ఎదుటివాళ్ళు ఒప్పుకోకపోతే ఒడ్డున విచారణ జరుగుతుంది. సాక్ష్యం చెబుతున్నంత సేపూ ఇరుపక్షాలవారికీ అక్కడ ఉండే హక్కు ఉంది. చాటుమాటు మాటలకు చోటు లేదు. అంతేకాదు, విచారణలో తప్పు ఫిర్యాదు చేసినవాడిదే అని తేలితే శిక్ష వాడికే పడుతుంది. వేలు చూపించేవాడు తన తల కూడా పణంగా పెట్టాలి.

పునీత తోమాసు అక్వినాసు తన 'సుమ్మా' గ్రంథంలో సోదరుణ్ణి సరిదిద్దడం గురించి చర్చిస్తూ, రెండు రకాల దిద్దుబాటును వేరు చేశారు. సమాజ శ్రేయస్సు కోసం తప్పును శిక్షించడం న్యాయానికి సంబంధించినది. తప్పు చేసినవాడి మేలు కోసం అతన్ని సరిదిద్దడం ప్రేమకు సంబంధించినది. ఆ సరస్సు మీద ఈ రెండూ ఒకే కేకలో ఉన్నాయి. "మీరు తప్పు చేశారు" అన్నది అందులో సగమే. "సరిదిద్దుకోవడానికి మీకు ఇంకా సమయం ఉంది" అన్నది మిగతా సగం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను పూర్వం పనిచేసిన ఒక విచారణలో పండుగ లెక్కలు చూసే పెద్దాయన ఒకరుండేవారు. ఒక ఏడు లెక్క సరిపోలేదని నాకు అర్థమైంది. ఆయన వయసు చూసి మొహమాటపడ్డాను. అడిగితే నొచ్చుకుంటారేమో అనుకున్నాను. నేను ఊరుకున్నాను గాని ఊరు ఊరుకోలేదు. అరుగుల మీద గుసగుసలు మూడేళ్ళు సాగాయి. చివరికి ఒక సభలో ఎవరో కోపంలో ఆ మాట పైకి అనేశారు. పుస్తకాలు తిరగేస్తే అది కూడికలో పొరపాటని తేలింది. ఆయన నాతో ఒక్క మాటే అన్నారు: "ఆనాడే నన్ను అడిగి ఉంటే అయిపోయేది కదా ఫాదర్ గారూ." ఆ కుటుంబం చాలా కాలం గుడి మెట్లు ఎక్కలేదు. నేను చూపించింది దయ అనుకున్నాను. నిజానికి ఆయనకు రెండు చుట్లు తిరిగే అవకాశం కూడా లేకుండా చేశాను.

అయితే ఒక అభ్యంతరం ఉంది. సరస్సు మీద చిన్న పడవకైనా పెద్ద పడవకైనా గొంతు ఒక్కటే. మన ఇళ్ళలో అలా ఉందా? కోడలు అత్తగారితో, కూలీ యజమానితో, విచారణ బిడ్డ గురువుతో "ఇది తప్పు" అనగలరా? అనలేకపోతే ఆ దోషం వాళ్ళది కాదు. వాళ్ళ గొంతుకు విలువ ఇవ్వని మనది. ముఖాన చెప్పమని చిన్నవాళ్ళకు బోధించే ముందు, ముఖాన చెబితే వినడం పెద్దవాళ్ళం నేర్చుకోవాలి. మావాడి పడవకు కెప్టెనుగా ఉన్నాయన వాళ్ళందరిలో వయసులో పెద్ద. కేక వినగానే వాదించకుండా చుక్కాని తిప్పింది ఆయనే.

ఇంకొక నియమం చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఆపదలో ఉన్న మనిషికి గాని పడవకు గాని చేతనైనంత సహాయం చేసి తీరాలన్నది ఆ నియమావళిలో అన్నిటికంటే ముందున్న నియమం. అంత చల్లని నీటిలో పడ్డ మనిషికి సుమారు పది నిమిషాల్లోనే చేతులు పట్టు తప్పుతాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో వెళుతూ, పడవ తిరగబడిన ఇద్దరు సింగపూర్ క్రీడాకారుల కోసం పందెం వదిలి వెళ్ళాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండో స్థానమే ఇచ్చారు. అంటే, నా మీద ఎర్రజెండా ఎత్తిన మనిషే, మరుక్షణం నేను నీళ్ళలో పడితే తన పందెం వదులుకుని నా చేయి పట్టుకోవాలి. అలా చేయి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడికే తప్పు ఎత్తిచూపే అర్హత ఉంటుందని నాకనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఆ కేక వేసినామె మా బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది. మావాడు లేచి ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు. ఆ సంఘటన గురించి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తడానికి ఏమీ మిగలలేదు మరి.

ప్రియ పాఠకులారా, మనలో ప్రతి ఒక్కరి మనసులో, ఎవరికో చెప్పవలసి ఉండి ఇంకెవరికో చెప్పిన మాట ఒకటి ఉంటుంది. ఈ వారం ఆ మాటను వినవలసినవారి దగ్గరికే నెమ్మదిగా, ఏకాంతంగా తీసుకువెళదామా? అలాగే ఎవరైనా మన దగ్గరికి అటువంటి మాటతో వస్తే, వాదించకుండా చుక్కాని తిప్పగలమా?