సత్యం మారలేదు, చెప్పే తీరు మారింది



"రెండవ వాటికన్ మహాసభ మన విశ్వాసాన్నే మార్చివేసింది" అని కొందరు పెద్దలు నొచ్చుకోవటం మీరు వినే ఉంటారు. నిజంగా మారినదేమిటో శ్రీసభ చరిత్రలోనే చూద్దాం.

దేవుని కుమారుడు సృష్టింపబడినవాడని ఆరియుసు బోధించగా, క్రీ.శ. 325లో నైసియా మహాసభలో పీఠాధిపతులు ఆయన తండ్రితో ఏకస్వభావము గలవాడని ప్రకటించారు. దానిని కాదన్నవారిని శ్రీసభ వెలివేస్తుందని చివర చేర్చారు. తరువాత చాలా మహాసభలు ఈ ఒరవడినే అనుసరించాయి. 1547లో ట్రెంటు మహాసభ, మానవుడు దేవుని యెదుట నీతిమంతుడగుటను గురించి 16 అధ్యాయాలలో వివరించి, 33 నిబంధనలు జోడించింది. ప్రతి నిబంధనా బహిష్కార శాపంతోనే ముగుస్తుంది. 1870లో మొదటి వాటికన్ మహాసభ కూడ ఈ పద్ధతినే పాటించింది.

ఆ కాఠిన్యాన్ని తేలికగా తీసిపారవేయకండి. రైతు కంచె వేసేది పైరు మీది ప్రేమతోనే. కాని కంచె పైరుకు నీరు పెట్టదు గదా!

1962 అక్టోబరు 11న రోము నగరంలో 23వ జాన్ పోపుగారు రెండవ వాటికన్ మహాసభను ప్రారంభిస్తూ, విశ్వాస సత్యాలు వేరు, వాటిని వ్యక్తపరచే తీరు వేరు అన్నారు. శ్రీసభ తప్పుబోధలను ఎల్లప్పుడు ఎదిరించిందనీ, అయితే ఈనాడు కాఠిన్యం కంటె కరుణ అనే ఔషధాన్నే వాడగోరుతున్నదనీ తెలిపారు. 1965లో ముగిసిన ఆ మహాసభ వెలువరించిన 16 పత్రాలలో ఒక్క శాపవచనం కూడ లేదు. అలాగని నైసియా ప్రకటించిన సత్యాన్ని విడిచిపెట్టనూ లేదు. ఆదివార పూజలో మనం ఈనాటికీ ఆ విశ్వాసాన్నే ఒప్పుకొంటున్నాం.

ఈ పాఠం పీఠాధిపతులకు మాత్రమే కాదు, తల్లిదండ్రులకు కూడ. "పాపసంకీర్తనం గురువు దగ్గరే ఎందుకు చేయాలి?" అని మీ అబ్బాయి అడిగాడనుకోండి. "అలా అడగటం పాపం" అని గద్దిస్తే ప్రశ్న చావదు. మన గడప దాటి మరొకరి దగ్గర జవాబు వెదకుకొంటుంది. "ఎక్కడైనా ఒకటేలే" అని దాటవేయటమూ కరుణ కాదు. తెలిసినంత చెప్పండి. తెలియనిదానికి "కనుక్కుందాం రా" అని గురువుల దగ్గరకో, ఉపదేశి దగ్గరకో వెంటబెట్టుకొని వెళ్ళండి.

సందేహించిన తోమాను వెళ్ళగొట్టక, తన గాయాలను చూపించిన ప్రభువు మన ఇండ్లలో బోధించే ప్రతి తల్లికీ తండ్రికీ ఆ ఓర్పును అనుగ్రహించునుగాక! ఆమెన్.