వేట లేని చూపు

నాయనా, కెమెరా భుజాన వేసుకుని జింకల్ని చూడబోతున్నావు. మంచి పనే. కానీ చేతిలో తుపాకీ లేనంత మాత్రాన మనసులో వేట లేదని నమ్మకు. ఆయుధం దించడం క్షణంలో పని. వేటాడే బుద్ధిని దించడానికి మాత్రం సాధన కావాలి. ఆ సాధన గురించే నాలుగు మాటలు చెబుతాను, విను.

కాళిదాసు శాకుంతల నాటకం వేటతోనే మొదలవుతుంది. దుష్యంతుడు రథమెక్కి ఒక జింకను తరుముతున్నాడు. ప్రాణభయంతో పరుగెత్తే ఆ మృగం సొగసు రాజుకు కనబడకపోలేదు. కనబడింది, దాన్ని సారథికి వర్ణించి మరీ చెప్పాడు. అయినా ఎక్కుపెట్టిన బాణం దించలేదు. అది ఆశ్రమ మృగమని మునులు అడ్డుపడ్డాకే దించాడు. అందాన్ని అంత బాగా పట్టుకున్న కన్నుకు ప్రాణం కనబడలేదన్నమాట. జింకలంటే ఇష్టమని చెప్పేవారంతా జింకకు హితులు కారు. ఇష్టం మనకు సుఖాన్నిస్తుంది. దయ ఎదుటి ప్రాణికి సుఖాన్నిస్తుంది. ఈ రెంటి తేడా తెలియనివాడు అడవిలో అడుగుపెట్టకపోవడమే మేలు.

మన దేశంలో కెమెరా అడవికి వెళ్లిన తొలిరోజుల్లో వేటగాడి వెంటే వెళ్లింది. 1902లో నిజాం రాజ్యానికి వచ్చిన వైస్రాయి కర్జన్ దొర, చచ్చిన పులిని ముందు పెట్టుకుని భార్యతో కలిసి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ఉంది. చంపినవాడి గొప్పను చాటడమే అప్పటి ఫొటో పని. తర్వాత అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ వంటివారు వచ్చారు. అడవి దారుల్లో సన్నని తీగ కట్టి, జంతువు తగలగానే దానంతటదే ఫొటో పడే ఏర్పాటు చేసి, బతికున్న పులులను బతికున్నట్టుగానే లోకానికి చూపించాడాయన. 1927లో ఆ చిత్రాలతో పుస్తకం వెలువరించాడు. తుపాకీ చేయలేని పనిని ఓర్పు చేసింది. నీ చేతిలోని యంత్రానికి ఈ రెండు వంశాలూ ఉన్నాయి. ఏ వంశాన్ని నిలబెడతావో నీవే తేల్చుకోవాలి.

స్థలాలకూ ఇలాంటి మార్పు వచ్చింది. హైదరాబాదు వనస్థలిపురంలో, విజయవాడ రహదారి పక్కన సుమారు 3,600 ఎకరాల్లో ఉన్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. 1975లో వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సర స్మారకంగా దానికి ఆయన పేరు పెట్టారు. తూటాలు తిరిగిన నేలకు అహింసామూర్తి పేరు దక్కింది. అక్కడ గడ్డిమైదానాల్లో తిరిగే కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. నల్లమలలో, కవ్వాల్ అడవుల్లో మందలుగా కనిపించే చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. రెండు రాష్ట్రాలూ తమ గుర్తుగా సాధుజంతువునే ఎంచుకున్నాయి. ఆ ఎంపికకు తగిన నడవడి మనలో కనిపించాలి కదా!

ముందు చూడడం నేర్చుకో, ఫొటో తర్వాత. గాలి నీ నుంచి వాటివైపు వీచే చోట కూర్చోకు. నీవు కనబడకముందే నీ వాసన వాటిని చేరుతుంది. మాట తగ్గించి, మట్టిరంగు బట్టలతో ఒకచోట స్థిరంగా ఉండు. అప్పుడు చూడు. మేస్తున్న ఆడ దుప్పి తల నేలకు ఆనే ఉంటుంది, చెవులు మాత్రం ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరుగుతుంటాయి. ఈగ వాలినచోట చర్మం జలదరిస్తుంది. అనుమానం కలిగితే నోట్లో గడ్డి నోట్లోనే ఉంచి, నమలడం ఆపి, తల ఎత్తుతుంది. ఆ తర్వాత ముందుకాలు ఎత్తి నేలను తాటిస్తుంది. ఇంకా భయపడితే తోక నిటారుగా లేపి, కింది తెలుపు చూపిస్తూ ఒక్క అరుపు అరుస్తుంది. మంద మొత్తం కదిలిపోతుంది. చెట్టు మీద కొండముచ్చులుంటే అవి తుంచి పారేసిన ఆకులూ కాయలూ కింద దుప్పులు తింటాయి. పైనున్నవాటి చూపు, కిందున్నవాటి ముక్కు కలిసి రెండు జాతులకూ కాపలా. ఇంత జాగ్రత్త మీద నడిచే బతుకు అది.

కాబట్టి దుప్పి నమలడం ఆపిందంటే నీకు అది మొదటి హెచ్చరిక. అక్కడే ఆగు. కాలు తాటించిందంటే వెనక్కి తగ్గు. జింక నెమరువేసే జంతువు. గబగబా మేసి, నిర్భయమైన చోట పడుకుని తిరిగి నమిలితేనే తిన్నది ఒంటబడుతుంది. ఎండాకాలంలో గడ్డి ఎండి, నీళ్లు అడుగంటిన రోజుల్లో నీ ముచ్చట కోసం అది తీసే ప్రతి పరుగూ దాని ఒంట్లోని సత్తువనూ నీటినీ పిండేస్తుంది. తరిమి పట్టిన జింక ఒంటిమీద గాయమే లేకున్నా, కండరాలు దెబ్బతిని ప్రాణం విడవవచ్చు. రక్తం కనబడలేదు గనుక హింస జరగలేదని వాదించకు.

గడ్డిలో ఒంటరిగా పడుకున్న పిల్ల కనబడితే తల్లి వదిలేసిందని జాలిపడి ఎత్తుకోకు. తల్లే దాన్ని అక్కడ దాచి మేతకు పోతుంది. మెడ నేలకు ఆనించి, కదలకుండా, దాదాపు వాసన లేకుండా పడి ఉండడమే ఆ పిల్లకు రక్ష. నీవు దగ్గర నిలబడినంతసేపూ తల్లి తిరిగి రాదు. నీ అడుగుల జాడ పట్టి ఊరకుక్కలు రావచ్చు. ఇక్కడ జాలి అంటే తప్పుకుని పోవడమే.

బిస్కెట్లు, చిప్స్ విసరకు. ఉప్పు రుచికి జింక కవరుతో సహా మింగుతుంది. మనిషి చేతి తిండి మరిగిన జింక రోడ్డు మీదికి వస్తుంది, బండి కింద పడుతుంది, కుక్కల నోట పడుతుంది. చప్పట్లు కొట్టి తల తిప్పించకు. చీకట్లో ఫ్లాష్ వేయకు. డ్రోను ఎగరేయకు. వేసవిలో అటవీ సిబ్బంది నింపే నీటితొట్ల దారికి అడ్డంగా బండి నిలపకు. పిల్లలున్న తావును ఊరూ దారీ సహా లోకానికి ప్రకటించకు.

మహాభారతంలో పాండురాజు కథ గుర్తుచేసుకో. జింక రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందముడనే మునిని బాణంతో కొట్టాడు. మృగాల్ని వేటాడడం రాజులకు చెల్లునని వాదించాడు. వేటాడినందుకు నిన్ను నిందించను, మా కలయిక ముగిసేదాకా ఆగనందుకే శపిస్తున్నానన్నాడు ముని. చంపడానికే హక్కున్న రాజుకు కూడా కాలం, సందర్భం చూడవలసిన ధర్మం ఉందని దాని తాత్పర్యం. వట్టి చిత్రం కోసం పోయే నీకు ఆ ధర్మం ఇంకెంత గట్టిగా వర్తించాలి! జంట కూడే వేళ, ఈనే వేళ, పాలిచ్చే వేళ నీ తొందరకు అక్కడ చోటు లేదు.

చట్టమూ ఈ మాటే చెబుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో జంతువును వేధించడాన్ని నిషేధించింది, ఫొటోల కోసం లోపలికి వెళ్లాలన్నా అనుమతి తీసుకోమంది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో జీవుల పట్ల కరుణ ఒకటి. అయితే కాపలాదారు కనబడినంతసేపే చట్టానికి లొంగేవాడికి అడవి మలుపు తిరగగానే చట్టం ముగిసిపోతుంది. లోపలి నిగ్రహం ఏ మలుపులోనూ ముగియదు.

నిన్ను చెరిపే శత్రువు మెప్పుకోలు. ఇంకొకడు తెచ్చినదానికంటే దగ్గరి ఫొటో తేవాలన్న పంతం ఒక్కో అడుగూ ముందుకు నెడుతుంది. ఆ అడుగుల ఖరీదు చెల్లించేది నీవు కావు, జింక. అందుకే ఉత్త చేతులతో తిరిగిరావడం నేర్చుకో. ఫొటో రాని రోజును నష్టంగా రాసుకోకు. తీయగలిగీ తీయని ఫొటో నీ వ్యక్తిత్వంలో చేరుతుంది.

జింక నీ మీద ఫిర్యాదు చేయలేదు, నీ ఊళ్లో నిన్ను తప్పుపట్టలేదు. అలాంటి ప్రాణి ముందు నీవు ఎలా నడుచుకున్నావన్నదే నీ సంస్కారానికి అసలు పరీక్ష. అక్కడ అణచుకోవడం తెలిసినవాడు, దుఃఖంలో ఉన్న మనిషి ముఖం మీదికీ, పేదవాడి గుడిసెలోకీ అడగకుండా కెమెరా చాచడు. అడవిలో అలవడిన ఆ మర్యాదను ఊళ్లోకి తెచ్చుకో, ఇంట్లో పిల్లలకు నేర్పు. వెళ్లు నాయనా, కళ్లారా చూడు. అది ఇచ్చినంతే తీసుకో.