పరుల నేలపై వనప్రతిష్ఠ

మనుష్యుడు తన వెనుక లోకమున విడిచిపోదగిన సంతానములు ఏడని చెప్పిన మన పెద్దలు, కన్నకొడుకుతోపాటు చెఱువును, గుడిని, అగ్రహారమును, నిధిని, కావ్యమును లెక్కించి, వాని సరసనే వనమునకును చోటిచ్చిరి. నాటినవాడు గతించిన పిమ్మటను నీడ బాటసారికి దక్కుచునే యుండును గనుక ఆ పుణ్యమునకు క్షయము లేదని వారి విశ్వాసము. ఆ విశ్వాసము నాకును గలదు. అయినను, వనము వెలసిన నేల దానిని వెలయించినవానిది కానప్పుడు ఆ పుణ్యమెవ్వరిదను ప్రశ్న నన్ను చాలకాలముగా వదలకున్నది.

ఈ ప్రశ్నను నాలో రేపినది న్యూయార్కు నగరము నడిబొడ్డున 843 ఎకరముల మేర పరచుకొనియున్న సెంట్రల్ పార్కు. చూచువారికది అనాదిగా అట్లే యున్న అడవివలె తోచును గాని, మనుష్యుని చేయి పడని చోటు అందు మిక్కిలి అరుదు. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అను నిరువురి పథకము పోటీలో నెగ్గగా, బండలను మందుగుండుతో పేల్చి, బురదనేలలను కొలనులుగా మార్చి, సారమున్న మట్టిని వెలుపలినుండి తెప్పించి, బండ్లు సాగు నాలుగు అడ్డుదారులను విహారమునకు వచ్చినవారి కంటబడకుండ పల్లములోనికి దించి, వేలకొలది కూలీలు ఏండ్ల తరబడి శ్రమింపగా ఆ వనశోభ రూపొందెను. ధనికుడును దరిద్రుడును ఒకే చెట్టు క్రింద సేదదీరవలెనని ఓమ్‌స్టెడ్ తలంచెను. అది ఉదాత్తమైన తలంపు, నేటికిని ఫలించుచున్నది.

అయితే ఆ ఉద్యానపు పడమటి యంచున, 82వ వీధికిని 89వ వీధికిని నడుమ, ఒకప్పుడు సెనెకా విలేజ్ అను ఊరుండెను. 1825లో, న్యూయార్కు రాష్ట్రమున బానిసత్వము పూర్తిగా తొలగుటకు ఇంకను రెండేండ్లు ఉండగనే, బూట్లకు మెఱుగుపెట్టి జీవించు ఆండ్రూ విలియమ్స్ అను నల్లజాతి యువకుడు 125 డాలర్లు చెల్లించి అచ్చట మూడు నివేశనస్థలములు కొనెను. 250 డాలర్ల ఆస్తి లేని నల్లవానికి ఓటు లేని రాష్ట్రమది. కనుక నేలయనగా వారికి నిలువనీడ మాత్రమే గాక పౌరత్వమును. మెల్లగా ఇండ్లు లేచినవి, మూడు చర్చిలు వెలసినవి, బడి వచ్చినది, ఐర్లాండువారును వచ్చి చేరిరి. 1855 నాటికి అచ్చట సుమారు 225 మంది నివసించుచుండిరి. ఒక చర్చివారు శంకుస్థాపన చేసి, రాతిలోని పెట్టెలో బైబిలును కీర్తనల పుస్తకమును భద్రపఱచిన 1853వ సంవత్సరముననే, ఆ నేలను ఉద్యానమునకై తీసికొనుటకు శాసనసభ చట్టము చేసెను. 1857లో ఊరు ఖాళీయయ్యెను.

తనదైన వస్తువుపై తన స్వత్వమును వదలుకొని పరుని స్వత్వమును నెలకొల్పుటయే దానమని ధర్మశాస్త్రజ్ఞులు నిర్వచించిరి. ఈ నిర్వచనము ముందు ఆ నగరము చేసిన మహాదానము తలవంచుకొనక తప్పదు. పరిహారమిచ్చిరి గదా యనవచ్చును. ఇచ్చిన మాట నిజమే. కాని వారు వెలకట్టినది నేలకు. ముప్పదేండ్ల ఇరుగుపొరుగునకు, ప్రార్థనకు, పిల్లల బడికి ఎవ్వరు వెలకట్టగలరు? ఆ జనము మఱెచ్చటను తిరిగి ఒక ఊరుగా కూడుకొనలేదు.

2011లో పురావస్తు పరిశోధకులు అచ్చట త్రవ్వగా, విలియం గాడ్‌ఫ్రే విల్సన్ అను చర్చి పరిచారకుని ఇంటి పునాది బయటపడెను. ఆయనకు ఎనిమిదిమంది బిడ్డలు. ఆ త్రవ్వకములలో దొరకిన వానిలో టీ కాచుకొను ఇనుపపాత్ర యొకటి, పసివాని చెప్పు ఒకటి. పచ్చికబయలు క్రింద నూటయేబది యేండ్లు పడియున్న ఆ చిన్నచెప్పును తలంచుకొన్నప్పుడెల్ల, పదిమంది మేలుకై కొందఱి కీడును ఉపేక్షింపవచ్చునను వాదము నా నోట రాదు.

అట్లని ఆ చెట్లను శపింపజాలను. పుణ్యము పాపమును కొట్టివేయదనియు, దేని ఫలము దానిదేయనియు కదా మన కర్మసిద్ధాంతము! నీడనిచ్చిన పుణ్యమును నిజమే, ఊరు చెఱచిన ఋణమును నిజమే. దోషమును నలుగురెదుట చెప్పుకొనుటయు పశ్చాత్తాపపడుటయు ప్రాయశ్చిత్తములో భాగములని మనువు చెప్పెను. ఆ నగరము తన దోషమును నోట పలుకక శతాబ్దమునకు పైగా గడపెను. ఆ ఊరి పేరు తెలుపు ఫలకము 2001లో గాని అచ్చట వెలయలేదు. అంతకాలపు మౌనమే, ఖాళీ చేయించుటకంటె పెద్ద దోషమని నా అభిప్రాయము.

న్యూయార్కు, న్యూజెర్సీలలో కాపురమున్న మనవారు ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులను ఆ ఉద్యానమునకు తీసికొనిపోవుచుందురు. ఈమాఱు పోయినప్పుడు పడమట 85వ వీధివైపున లోనికి నడచి, సెనెకా విలేజ్ ఫలకముకడ నిలిచి, అందున్న వ్రాతను పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు.