తుపాకి నంబరు

పాత సైనిక తుపాకులు పోగుచేసేవాళ్లకు ‘ఆల్ మ్యాచింగ్’ అన్న మాట వింటే ప్రాణం లేచొస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ త్రీనాట్‌త్రీనే తీసుకోండి. రిసీవర్ మీద కొట్టిన నంబరే బోల్టు మీద, వెనక సైటు మీద, మూతి దగ్గరి ఇనప తొడుగు మీద కూడా ఉండాలి. అన్నీ కలిస్తే ధర పెరుగుతుంది. దానికి సరిపోయే బాయొనెట్ కూడా దొరికిందంటే ఇక చెప్పక్కర్లేదు. 1907 నమూనా బాయొనెట్ అలుగు 17 అంగుళాలు. పిడి దగ్గరి రింగు తుపాకి మూతి కిందున్న బొడిపె మీదికెక్కి, పిడిలోని గాడి తన చోట కూర్చోగానే టక్కుమంటుంది. అలుగు పొడవునా మరో గాడి ఉంటుంది. నెత్తురు కారిపోవడానికని జనం చెప్పుకుంటారు గానీ అది బరువు తగ్గించడానికి పెట్టింది. ఈ సంగతి తెలిశాక నాకేమీ ఊరట కలగలేదు. మోసేవాడి చెయ్యి నొప్పెట్టకూడదని అంత ఆలోచించినవాడు, రెండో కొసన ఉండేవాడి గురించి ఆలోచించకుండా ఉంటాడా?

తెనాలిలోనో బాపట్లలోనో ఈ సరదా సాగదు. త్రీనాట్‌త్రీ మామూలు మనిషికి లైసెన్సు దొరికే తుపాకి కాదు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరవాత ఏ తుపాకులైనా మామూలుగా మనిషికి రెండుకు మించకూడదు. మనకు పాత ఆయుధాలు కనబడేది హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో, లేకపోతే సినిమాల్లో. తెనాలి పక్కన బుర్రిపాలెం కృష్ణగారు 1974లో అల్లూరి సీతారామరాజుగా తెర మీద పోలీసు స్టేషన్లు దోచుకుంటుంటే హాల్లో ఈలలు పడ్డాయి. అసలు రాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్లో 11 తుపాకులు, 14 బాయొనెట్లు, 1390 తూటాలు పట్టుకుపోతూ, ఏమేం తీసుకున్నదీ అక్కడి రికార్డు పుస్తకంలో రాసి సంతకం పెట్టాడంటారు. ఆ సంతకం నాకు ఆ తుపాకులకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. ఆయుధం చేతికి తీసుకున్నవాడు, దానికి జవాబుదారీ నేనేనని ఒప్పుకున్నాడు.

తెనాలి రణరంగ చౌక్‌లో ఆ జవాబుదారీ కనపడదు. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఊపులో జనం రైల్వే స్టేషను మీద పడ్డారు, నిప్పు పెట్టారు. పోలీసులు కాల్చారు. మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగం, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య, భాస్కరుని లక్ష్మీనారాయణ చనిపోయారు. కాల్చిన తుపాకులకు నంబర్లుండే ఉంటాయి. ఖర్చయిన తూటాల లెక్క ఎక్కడో రాసుకునే ఉంటారు, తూటాకు లెక్క చెప్పకుండా కానిస్టేబులు ఇంటికి పోలేడు కదా. బోల్టుకూ రిసీవరుకూ జత కుదిర్చే శ్రద్ధ అంత ఉన్నప్పుడు, ఏ నంబరు తుపాకి ఏ మనిషి ప్రాణం తీసిందో ఆ జత కుదర్చడం ఎవరి పని? బాయొనెట్‌తో పొడిచినవాడు కనీసం ఎదుటివాడి మొహం చూస్తాడు. రైఫిలు ఆ మొహమాటం కూడా లేకుండా చేసింది.

అలాంటి జత కుదిరిన చోటు దగ్గర్లోనే ఒకటుంది. తెనాలి నుంచి రేపల్లె బండెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది, ఇప్పుడది బాపట్ల జిల్లా. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపం తవ్వినప్పుడు ధాతువులుంచిన పెట్టెలు బయటపడ్డాయి. వాటి మీద వాటిని చేయించినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్లు దాటినా వస్తువూ మనిషీ విడిపోలేదు. దాచుకోవడం అంటే అలా ఉండాలి.

సేకరించేవాణ్ణి హంతకుడి పక్కన నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. తుప్పు పట్టకుండా నూనె రాసి కాపాడేవాడు సాక్ష్యాన్ని కాపాడుతున్నాడు. అసలు ప్రశ్న వేరే ఉంది: ఆయుధం పాతబడితే దాని పాపం పోతుందా? ఎన్నేళ్లకు? పాతబడ్డ తుపాకుల కథే ఒకటుంది. విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ 1915లో జర్మన్ల ఆయుధాల కోసం బటేవియా దాకా వెళ్లాడు. ఆ రోజుల్లోనే మన విప్లవకారుల కోసం అమెరికాలో కొన్న ఆయుధాలు ‘ఆనీ లార్సెన్’ ఓడలో బయల్దేరాయి. స్పెయిన్-అమెరికా యుద్ధం నాటి పాత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు, వేలల్లో. అవి ఇండియా చేరలేదు, అమెరికా అధికారులే పట్టుకున్నారు. ఆ రాయే తరవాత మానవవాది, రాడికల్ హ్యూమనిస్టు అయ్యాడు. ఆ ఆలోచనను తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి లాంటివాళ్లు తలకెత్తుకున్నారు. ఆ తుపాకులు చేరి ఉంటే రాయ్ ఎటు తేలేవాడో! ఆయుధం అందకపోవడం వల్ల ఆలోచన మిగిలిందా, అందినా అక్కడికే వచ్చేవాడా? మానవవాదులం అనుకునేవాళ్లం ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేస్తాం.

ఇదంతా ఆలోచించాక నాకు తోచిన ఉపాయం చిన్నది. అద్దాల పెట్టెలో తుపాకి పక్కన పెట్టే అట్టముక్క మీద ఫ్యాక్టరీ, సంవత్సరం, కొలతలతో పాటు దాన్ని ఎవరి మీద వాడారో కూడా రాయాలి. తెలియకపోతే తెలియదనే రాయాలి. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఫలానా యుద్ధంలో వాడిందని రుజువున్న తుపాకికి బజార్లో ఎక్కువిచ్చి కొనేవాళ్లున్నారు. చచ్చినవాడి పేరు కూడా కలిస్తే ధర తగ్గుతుందని నేను గట్టిగా చెప్పలేను, ఇంకా పెరిగినా పెరగొచ్చు. అప్పుడు ఆ పేరు రాయమని అడగనా, వద్దననా?