శిశువెవరి సొత్తు?

తెలుగువారి యిండ్లలో శిశువు పెరుగుదలను లెక్కించుటకు బహుకాలముగ నొక తియ్యని పంచాంగ మున్నది. బిడ్డ బోరగిల పడిననాడు బొబ్బట్లు వండుదురు. తొలి యడుగులు వేసిననాడు అరిసెలు చేసి యిరుగుపొరుగువారికి పంచిపెట్టుదురు. పలుకులు వచ్చిననాడు పంచదార చిలుకలు, గడప దాటిననాడు గారెలు. చేసిన పనికిని వండిన పిండివంటకును మొదటి యక్షరము కలియునట్లు కూర్చిన యీ యేర్పాటు గృహ్యసూత్రములలో గానరాదు. దీనికి పురోహితుడు లేడు, దక్షిణ లేదు, మంత్రము లేదు. దీనిని నిలిపినవారు మన తల్లులును అవ్వలును.

ఈ వంటింటి పండుగలకును శాస్త్రోక్తములగు సంస్కారములకును ఒక భేదమున్నది. నామకరణము, అన్నప్రాశనము, చౌలము మొదలగువానికి ముహూర్తమును పెద్దలు పెట్టుదురు. శిశువు ఊరకుండియో, యేడ్చుచునో దానికి లోబడును. స్త్రీల పండుగలకో, ముహూర్తమును శిశువే పెట్టును. బిడ్డ యెన్నడు బోరగిల పడునో, యెన్నడు గడప దాటునో సిద్ధాంతి చెప్పజాలడు. తల్లి బొబ్బట్లకు పప్పు నానవేయుట బిడ్డ తనంతట తాను చేసిన కార్యమును జూచిన పిమ్మటనే. సంస్కారమున మనము శిశువునకు ఏదియో చేయుదుము. ఇందు శిశువు తనకు తాను చేసికొన్నదానిని మనము గుర్తింతుము. అక్షరజ్ఞానము లేని స్త్రీలు నిలిపియుంచిన యీ భేదమును, పట్టములు పొందినవారు తఱచుగ మఱచుచున్నారు. కావున శిశువు మన సొత్తా, లేక మన యొద్ద నుంచబడిన నిక్షేపమా యను ప్రశ్నమును కొంత విచారింపవలసియున్నది.

శిశువు సొత్తని నోటితో నెవరును అనరు. కాని నడతలో దెలిసిపోవును. తన బిడ్డ తొమ్మిదవ నెలలో నడచెనని యొక తండ్రి చెప్పగానే, సంవత్సరము నిండియు నడువని బిడ్డగల మఱొక తండ్రి మోము చిన్నబోవును. ఇంటికి బోయి, నిలువలేని బిడ్డను రెండు రెక్కలు పట్టి నడిపింపజొచ్చును. ఆ నడక బిడ్డకొఱకు గాదు, తన పరువుకొఱకు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఘనా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా సంయుక్త రాష్ట్రములు అను నయిదు దేశములందు ఆరోగ్యవంతులగు 816 మంది శిశువులను బరిశీలింపజేసి 2006లో ఫలితములను బ్రకటించిరి. ఆధారము లేకుండ గూర్చుండుట 3.8 నెలలు మొదలు 9.2 నెలల లోపలను, ఒంటరిగ నడచుట 8.2 నెలలు మొదలు 17.6 నెలల లోపలను సంభవించునని తేలినది. అరచేతులు, మోకాళ్లు ఆనించి పాకుట యను దశ నూటికి నలుగురు శిశువులలో గనబడనేలేదు. వారు పాకకయే నడచిరి. ఒకే పనికి ఆరోగ్యవంతులగు బిడ్డల నడుమ తొమ్మిది నెలలకు పైబడిన యంతరము సహజమైయుండగా, రెండు మాసములు ముందైనదని గర్వించుటకును వెనుకైనదని క్రుంగుటకును హేతువేమున్నది? ఆ మేర గడచినను అడుగు పడనిచో వైద్యునకు జూపుట తండ్రి విధి. మేరలోపలనున్న బిడ్డను పొరుగింటి బిడ్డతో దూచుట విధి కాదు, వ్యాపారము.

ఈ తూకము నడకతో ముగియదు. మూడేండ్లు నిండకమునుపే పేరుగల బడిలో స్థానము సంపాదించుటకై, మాటలు పూర్తిగ రాని బిడ్డకు అంకెలును రంగుల పేర్లును వల్లె వేయించుట పట్టణములలో సామాన్యమైనది. 2009వ సంవత్సరపు బాలల యుచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము 13వ సెక్షనులో, బాలుని జేర్చుకొనునపుడు బాలునిగాని తలిదండ్రులనుగాని యెట్టి పరీక్షకును గుఱిచేయరాదని విధించియున్నది. చట్టము బడితలుపు వద్ద పరీక్షను నిషేధించెను. ఇంటిలోపల తలిదండ్రులు పెట్టు పరీక్షను నిషేధించు చట్టము లేదు. అది వారి వివేకమునకే విడువబడినది.

మేము న్యాయవాద వృత్తిలోనివారము గావున, ఈ విషయమున ధర్మశాస్త్రము చెప్పుదానిని గూడ మనవి చేయుదుము. భార్యాభర్తలు విడిపోయి బిడ్డకొఱకు న్యాయస్థానమునకు వచ్చినపుడు, ఇరువురును “నా బిడ్డ” యనియే వాదింతురు. న్యాయాధిపతి యడుగు ప్రశ్న వేఱు. బిడ్డ యెవరిదని కాదు, బిడ్డకు మేలేదని. 1890వ సంవత్సరపు గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టములోని 17వ సెక్షను, సంరక్షకుని నియమించుటలో మైనరు క్షేమమునే చూడవలయుననియు, మైనరు తెలిసి కోరగల వయస్సువాడైనచో ఆ కోరికనుగూడ విచారింపవచ్చుననియు జెప్పుచున్నది. 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టము 13వ సెక్షనులో మైనరు క్షేమమే సర్వప్రధానమని స్పష్టపఱచెను. మొదటి చట్టములోని 20వ సెక్షను మఱొక మాట చెప్పును: సంరక్షకుడు మైనరునకు నమ్మకస్థుడై యుండవలయును, ఆ యధికారమువలన తాను లాభము పొందరాదు. శాసనకర్తలు ఇచట దలచినది ధనలాభమునే కావచ్చును. అయినను నీతి యంతతో నాగదు. బిడ్డ తెలివిని సభలో బ్రదర్శించి తాను పొందు పొగడ్త లాభము కాదా? బిడ్డ తొలి యడుగును కన్నులతో జూచుటకు మాఱుగ ఫోనులో బట్టి, స్నాన సమయమునను ఏడ్పు సమయమునను దీసిన చిత్రములను వేలమందికి జూపి తాను పొందు మెప్పు లాభము కాదా? బిడ్డకు దెలివి వచ్చిననాడు వాటిని మఱల వెనుకకు దెచ్చియిచ్చుట ఎవరి తరము? నిక్షేపమును దాచినవాడు దానిని ఖర్చు పెట్టరాదు గదా.

ఇచట నొక యాక్షేపణ గలుగును. బిడ్డ మన సొత్తు కానిచో, వానిని మందలించుటకును నిలుపుటకును మనకు హక్కెక్కడిది, వాడు కోరినదెల్ల చేయనీయవలసినదేనా యని కొందఱు పెద్దలు ప్రశ్నింపవచ్చును. ఈ యాక్షేపణ తేలికది కాదు. నూతిగట్టు వైపు బోవు బిడ్డను పట్టి లాగవలసినదే. టీకా వేయించునపుడు బిడ్డ యేడ్చినను వేయింపవలసినదే. కాని యీ యధికారము సొత్తునుండి పుట్టినది కాదు. బిడ్డ యశక్తినుండి పుట్టినది. యజమాని యధికారము కాలముతో దఱుగదు. సంరక్షకుని యధికారము బిడ్డకు శక్తి కలిగినకొలది తఱుగుచు వచ్చును. తన చేత ముద్ద పట్టుకొన నేర్చిన బిడ్డకు మనము కుక్కి తినిపించు నధికార మానాటితో తీరినది. తన చెప్పులు తాను తొడుగుకొన నేర్చినవానికి మనము తొడుగుట సేవ గాదు, అడ్డు. ఈ దృష్టితో జూచినచో, శిశువు సాధించు ప్రతి విజయమును మన చేతినుండి దాని చేతికి జరుగు నొక యప్పగింత. బొబ్బట్లును అరిసెలును ఆ యప్పగింతకు మనము సంతోషముతో వ్రాసియిచ్చు రసీదులు.

అయితే అప్పగింత పండుగనాడే జరుగునని తలపరాదు. అది దినదినమును జరుగును. అవ్వ కాళ్లు చాచి కూర్చుండి, బిడ్డను కాళ్లపై బోరగిల పరుండబెట్టి నూనె రాచి వేన్నీళ్లు పోయునపుడు, ఆ చేతులు గట్టిగ రుద్దుచున్నవో మెత్తగ రుద్దుచున్నవో బిడ్డ యెఱుగును. తల్లి పప్పును నెయ్యియు గలిపిన మెత్తని యన్నము పెట్టునపుడు బిడ్డ మోము ద్రిప్పుకొన్నచో, అది మాటలురాని వాని తొలి “వద్దు.” ఆ వద్దును మన్నించిన తల్లి బిడ్డకు దన శరీరముపై దానికి హక్కున్నదని నేర్పుచున్నది. చందమామను జూపుచు గోరుముద్దలు తినిపించుటలో నాలస్యము కలదు. అందుచే గొందఱు ఫోనును జూపుచున్నారు. బిడ్డ తెరనుండి కన్ను త్రిప్పకయే నోరు తెఱచును. గిన్నె త్వరగ ఖాళీ యగును. కాని యెంత తినుచున్నది, చాలునా చాలదా యనునది యా బిడ్డ యెఱుగదు. రెండేండ్లు నిండని శిశువులకు తెర తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో సలహా నిచ్చిరి. చందమామను జూచునపుడు తల్లియు బిడ్డయు నొకే వస్తువును గూడి చూతురు. తెరను జూచునపుడు బిడ్డ యొంటరిగ జూచును.

ఈ దినచర్యలో పురుషుల భాగమెంత? పండుగనాడు బిడ్డను భుజముపై నెత్తుకొని సభ మధ్యమున నిలుచు తండ్రులు పెక్కుమంది కలరు. రాత్రి మూడవ జామున జ్వరముతో మూలుగు బిడ్డను భుజముపై వేసికొని వసారాలో దిరుగు తండ్రులు కొందఱే. కష్టమును తల్లికి, పనిమనిషికి, అవ్వకు విడిచి కీర్తిని మాత్రము గ్రహించుట యే ధర్మమునకును సమ్మతము గాదు. తొలి పలుకును వినవలయునన్నచో అంతకుముందటి వేయి యర్థరహిత శబ్దములను గూడ వినియుండవలయును.

ఇక గడపను గూర్చి. గడప దాటిన బిడ్డకు గారెలు వండునపుడు ఆడుబిడ్డయని, మగబిడ్డయని భేదము చేయరు. ఏడాది నిండని ఆడుబిడ్డ మోకాళ్లపై బ్రాకివచ్చి, గడపపై రెండు చేతులు నుంచి, కొంత నిలిచి, అవతలకు దొరలినపుడు ఇల్లెల్ల నవ్వులతో నిండును. ఆ బిడ్డకే పదునాలుగేండ్లు వచ్చిననాడు అదే గడప వద్ద అవే పెద్దలు అడ్డము నిలుచుట మన చరిత్రలో బహుకాలము జరిగినది. నేటికిని బొత్తిగ నాగలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించుట ఆ గడపను దాటించు ప్రయత్నమే. 1929వ సంవత్సరపు శారదా చట్టము బాలికకు 14 ఏండ్లు నిండనిది వివాహము చేయరాదనెను. ఆ పరిమితి 1949లో 15కును, 1978లో 18కిని పెరిగెను. ఈ పెంపుదలకు 49 ఏండ్లు పట్టినది. తల్లులు గారెలతో బిడ్డకు ఒక్కనాటిలో నిచ్చినదానిని శాసనసభలు అర్ధశతాబ్దమున కొంచెము కొంచెముగ నిచ్చినవి.

ఆడుపిల్ల ఆడ పిల్లయే గాని యీడ పిల్ల గాదని మనలో నొక సామెత కలదు. కాళిదాసుని శాకుంతలమున, నాలుగవ యంకమునందు, కణ్వమహర్షి కూతును అత్తవారింటికి బంపి, నిక్షేపమును సొంతదారున కప్పగించినవానివలె మనస్సు తేటపడినదని చెప్పుకొనును. మహర్షి మాటలో సగము సత్యమున్నది. కూతురు నిక్షేపమే. కాని యా నిక్షేపమునకు సొంతదారు అల్లుడు గాడు, ఆమెయే. కుమారుని విషయమునను ఇట్లే. ముసలితనమునకు ఊతకఱ్ఱయనియు, మనము చదువలేని చదువును మన పేరిట జదువువాడనియు భావించి వానిని బెంచుట, ముద్దు మాటలలో దాచిన వడ్డీ లెక్కయే. వాడు వృద్ధులగు తలిదండ్రులను పోషింపవలయును. అది వాని ధర్మము. కాని దానిని మనము వాని యుగ్గుగిన్నెయొద్దనే బాకీగ వ్రాసికొనరాదు.

కావున చదువరులకు మా విన్నప మిది. పూర్వాచారములలో కొన్ని విడువదగినవి, కొన్ని నిలుపదగినవి. ఈ బొబ్బట్లును అరిసెలును గారెలును నిలుపదగినవానిలో జేరినవని మేము దలచుచున్నాము. అవి బిడ్డను త్వరపెట్టవు, దాని పనిని దానిదిగనే యంగీకరించును. కాని వండిన పిమ్మట వాని యర్థమును గూడ నిలుపవలయును. బిడ్డ తన చేతులతో తినుటకు, తన మాట తాను చెప్పుటకు, తన చదువును తాను నిర్ణయించుకొనుటకు, తన వివాహమున తన సమ్మతి తాను తెలుపుటకు సిద్ధమైన ప్రతి పర్యాయమును, మొదటి గడపనాడు ఇంటివారు చూపిన సంతోషమునే చూపవలయును. నడక నేర్చిన బిడ్డలు నాలుగడుగులు వేసి వెనుదిరిగి తల్లి మోమును జూతురు. అచట భయము గనబడినచో నిలిచిపోదురు, చిఱునవ్వు గనబడినచో ముందుకు సాగుదురు. ఆ చిన్ననాడు చిఱునవ్వు జూపుట సులభము. ఇరువదియేండ్ల కూతురు గడపమీద నిలిచి వెనుదిరిగి చూచినపుడు అట్టి మోమునే చూపగలుగుటకు మనము నేటినుండి యభ్యాసము చేయవలసియున్నది.