పట్టు టైరుదా, డ్రైవరుదా?

కర్త ఎవరన్న ప్రశ్నకు న్యాయదర్శనం ఇచ్చే సమాధానం నిక్కచ్చిగా ఉంటుంది. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో, పనికి ఆధారమైన ద్రవ్యాన్ని గురించిన అపరోక్ష జ్ఞానం, అనగా నేరుగా కలిగిన ఎరుక, చేయాలన్న కోరిక, అందుకు తగిన ప్రయత్నం అనే మూడూ ఉన్నవాడినే కర్తగా నిరూపిస్తాడు. అక్కడి చర్చ ఈశ్వరుడిని గురించినదే అయినా, అమెరికాలో సెలవురోజున సొంత కారును రేసు ట్రాక్‌పై నడిపే ఔత్సాహికుడు ఏ టైరు కొనాలన్న లౌకికమైన ప్రశ్నకు కూడా ఆ లక్షణాన్ని అన్వయించవచ్చు.

అక్కడివారు '200 టైరు' అనేది ట్రెడ్‌వేర్ అంకెను బట్టి. నేలను తాకే పొర ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే ఈ అంకెను అమెరికా ప్రభుత్వ నిబంధనల మేరకు టైరు పక్కభాగంలో ముద్రిస్తారు. ప్రామాణిక టైరు 100 అయితే, 200 అంటే దానికి రెట్టింపు మన్నిక. మెత్తని రబ్బరుకు పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ కనుక అంకె తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుందని జనం లెక్క. అయితే ఆ అంకెను నిర్ణయించేది తయారీదారే కావడం వల్ల, 200 అని ఉన్న రెండు టైర్ల పట్టు సమానమనుకోవడం అమాయకత్వమే. యోకొహామా ఏ052 ఈ తరగతిది. టోయో ఆర్888ఆర్ వంటి, దాదాపు పోటీలకే ఉద్దేశించిన టైర్లది 100.

తర్కసంగ్రహం సంస్కారమనే గుణాన్ని వేగం, భావన, స్థితిస్థాపకం అని మూడుగా విభజిస్తుంది. స్థితిస్థాపకమంటే వంచిన వస్తువును యథాస్థితికి తెచ్చే గుణం. భావన అంటే అనుభవం నుంచి పుట్టి స్మృతికి కారణమయ్యేది, అది ఆత్మకు మాత్రమే చెందుతుంది. మలుపులో ఈ మూడూ కలుస్తాయి. తారులోని గరుకుల మధ్యకు నొక్కుకుపోయిన రబ్బరు వెంటనే కాక కాస్త ఆలస్యంగా కోలుకుంటూ కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది, పట్టులో పెద్ద భాగం ఆ నష్టం నుంచే వస్తుంది. కనుక డబ్బుతో కొనగలిగింది రబ్బరులోని గుణాన్నే. భావన దుకాణంలో దొరకదు.

సాధారణ టైరు హద్దుకు చేరకముందే కీచుమంటుంది, కొద్దికొద్దిగా జారుతుంది, స్టీరింగ్ బరువులో తేడా చేతికి తెలుస్తుంది. అపరోక్ష జ్ఞానానికి ఇదే దారి. పట్టు ఎక్కువున్న టైరు ఆలస్యంగా వేసిన బ్రేకును, మొరటుగా తిప్పిన స్టీరింగ్‌ను పెద్దగా అరవకుండానే కాచుకొస్తుంది. హద్దు దాటాక మాత్రం, పోటీ టైర్లలో మరీ, చాలాసార్లు ఒక్కసారిగా వదిలేస్తుంది. అదే మలుపులో పట్టు 20 శాతం పెరిగితే వేగం పెరిగేది దాదాపు 10 శాతమే అయినా, గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక అది 20 శాతం పెరుగుతుంది, తప్పు జరిగిన క్షణంలో ఆ అదనపు శక్తి కూడా గోడవైపే పోతుంది.

మంచి టైరుతో కారు తక్కువ దూరంలో ఆగుతుంది కదా, ప్రాణరక్షణకు అదే మేలు కదా అన్న ఆక్షేపణ బలమైనదే. అయితే మిగిలిన పట్టును అత్యవసరానికి దాచుకునేవాడికే అది చెల్లుతుంది; కొత్తవాడు సాధారణంగా దానినంతా మలుపులో వేగానికే ఖర్చుపెడతాడు.

ఒక చుట్టు పూర్తయ్యాక ముందు టైర్లు జారాయో వెనుకవి జారాయో, ఎక్కడ జారాయో చెప్పలేని డ్రైవరుకు 200 టైరు అనవసరం. ఆ డబ్బు కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌కూ, పక్క సీట్లో కూర్చుని నేర్పే శిక్షకుడికీ పెట్టడం సరైన ఎంపిక.