పుస్తకంలో లేని గాలి

మోటారు సైకిలు వెనక చక్రానికి కారు టైరు వేస్తే అందులో గాలి ఎంత పెట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు. కారు డోరు పక్కన అంటించిన స్టిక్కరు మీది అంకె ఆ కారు బరువుకు కట్టిన లెక్క. బండితో ఇచ్చిన పుస్తకంలోని అంకె బండి టైరుకు సంబంధించింది. టైరు గోడ మీద అచ్చుపోసిన అంకె ఇంతకు మించవద్దనే హద్దు. మూడు మాటలూ నిజమే, కానీ ఈ చక్రానికి ఎంత అన్నది మాత్రం మూడింటిలోనూ దొరకదు. చెప్పేవాళ్లు లేనిచోట సరైన జ్ఞానం ఎలా కలుగుతుందని తార్కికులు అడిగిన పాత ప్రశ్న ఇక్కడ పంచరు షాపు గుమ్మంలోకి వస్తుంది.

సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి ఘాటెక్కి కొరాపుట్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. పాతవాళ్లకు అది ఇంకా 43 నంబరు రోడ్డే. బండి కదిలే ముందు డ్రైవరో క్లీనరో ఇనుపరాడ్డు పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునీ కొడతాడు. రాడ్డు ఎగిరి ఠంగుమంటే గాలి నిండుగా ఉన్నట్టు, మొద్దుగా మోగి అక్కడే ఆగితే తగ్గినట్టు. వెనక జంట టైర్లలో లోపలిది కంటికి సరిగా ఆనదు కాబట్టి దానికి చెవే ఆధారం. చెవికి వినిపించింది చప్పుడు మాత్రమే. గాలి సంగతి ఊహించినది. మొదటిది ప్రత్యక్షం, రెండోది అనుమానం. ఈ రెంటికీ ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవాళ్ల మాట) కలిపి 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో నాలుగు ప్రమాణాలు చెప్పాడు. న్యాయదర్శనం నేర్చేవాళ్లు ఇప్పటికీ మొదట పట్టేది ఆ చిన్న పుస్తకాన్నే.

రాడ్డు దెబ్బ కారు టైరు వేసిన మోటారు సైకిలుకు పనికిరాదు. ఇలా అనుమానాన్ని చెడగొట్టే దాగిన షరతును తార్కికులు ఉపాధి అంటారు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందని తిప్పి చెబితే తప్పు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పే తప్ప పొగ లేదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి, ఆ తడే ఇక్కడ ఉపాధి. లారీ టైరు చప్పుడు వెనకా ఇలాంటి తడికట్టెలు ఉన్నాయి: దాని మందం, దాని సైజు, వంద పౌండ్లకు అటూ ఇటూగా ఉండే దాని గాలి. ఏళ్ల తరబడి ఆ చప్పుళ్లే విన్న చెవికి ముప్పై పౌండ్ల టైరు ఏమీ చెప్పదు.

ఉపమానం ఇంకా బలహీనం. గవయం అనే అడవి జంతువు ఆవులా ఉంటుందని విన్నవాడు అడవిలో దాన్ని చూసి పేరు గుర్తుపడతాడు. ఆవు ఎంత పాలిస్తుందో తెలిసినంత మాత్రాన గవయం పాల లెక్క తేలదు. అలాగే కారు టైరును కారు టైరుగా గుర్తుపట్టినంతలో కారు గాలి దానికి సరిపోదు. విదేశాల్లో హోండా గోల్డ్ వింగ్ లాంటి భారీ బండ్లకు కొందరు 195/55 ఆర్16 కారు టైరు వేసుకుంటారు. ఆ సైజులో 87 లోడ్ ఇండెక్స్ ఉన్న టైరు 545 కిలోలు మోయగలదు, బండి వెనక చక్రం మీద పడేది అంతకంటే తక్కువే. బరువొక్కటే చూస్తే గాలి తగ్గించవచ్చు. అయితే మోటారు సైకిలు మలుపులో పక్కకు వాలుతుంది. గుండ్రటి బండి టైరు దానితో పాటు దొర్లుతుంది, బల్లపరుపు కారు టైరు అంచు మీద లేస్తుంది. గాలి ఎక్కువైతే గోడ బిగిసి టైరు మలుపుకు ఎదురు తిరుగుతుంది. మరీ తగ్గితే గోడ పదేపదే మడత పడి వేడెక్కుతుంది. సైడ్‌కారు తగిలించిన బండికి ఈ బాధ లేదు, అది వాలదు.

ఇక శబ్దం. టైరు కంపెనీలు, బండి కంపెనీలు ఈ పనే వద్దంటాయి. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే గాడి రెంటికీ ఒకేలా ఉండదన్నది అందుకు ఒక కారణం. ఇది స్పష్టమైన నిషేధం. అంకె చెప్పకపోవడం దీనికి వేరు, అది మౌనం. కనబడకపోవడాన్ని భాట్ట మీమాంసకులనే మరో సంప్రదాయంవాళ్లు అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నారు, ఒక షరతు పెట్టి: ఉంటే కనబడాల్సిన వస్తువై ఉండాలి. పగటి వెలుగులో బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేనట్టే, చీకట్లో కనబడకపోతే ఏమీ తేలదు. ఎవరూ పరీక్షించని చోట అంకె లేకపోవడం చీకట్లో కుండ లాంటిది. ప్రమాదమని అది రుజువు చేయదు, క్షేమమనీ చేయదు. ఈ రెండో సగాన్ని మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

మీటరు పెట్టి చూస్తే సరిపోదా అంటే, మీటరు నిజం చెబుతోందని చెప్పేదెవరు? ఇంకో మీటరు తెస్తే దానికీ ఇంకొకటి కావాలి, అంతులేని ఆ వరుసే అనవస్థ. తప్పని తేలేదాకా జ్ఞానం తనంతట తానే ప్రమాణమని మీమాంసకులు అంటారు. ఆచరణలో ఫలిస్తేనే ప్రమాణమని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, అంటారు. టైరు విషయంలో నైయాయికుడి వైపే మొగ్గాలి, ఎందుకంటే మీటరు చూపే అంకె కూడా పరిసరాలను బట్టి మారుతుంది. అది చూపేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే. సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉన్న కొరాపుట్ చేరేసరికి బయటి గాలి పలచబడి అదే టైరులో అంకె ఒక పౌండు పైచిలుకు పెరుగుతుంది, అక్కడి చల్లదనం అందులో కొంత తినేస్తుంది. పది డిగ్రీల వేడి తేడాకు దాదాపు ఒకటిన్నర పౌండు మారుతుంది.

ఎక్కువా తక్కువా కాని మధ్య గురించి బుద్ధుడు సోణుడనే భిక్షువుకు వీణ తీగలు చూపించి చెప్పిన సంగతి అంగుత్తర నికాయంలో ఉంది. విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తులకొండ మీద విహారాల శిథిలాలు నిలిచిన ఈ ప్రాంతానికి ఆ బోధ కొత్తది కాదు. మధ్య అంటే, మాటవరసకు, ఇరవై ఎనిమిదికీ నలభై రెండుకూ సగటు కట్టి ముప్పై అయిదు పెట్టడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. తీగకు మధ్య ఏదో చెప్పేది శ్రుతి. టైరుకు ఆ పని వేడీ అరుగుదలా చేస్తాయి. టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి కొంత దూరం తిన్నగా నడిపితే, గీత నడిమిన మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండంచుల్లోనే చెరిగితే తక్కువ. బయలుదేరే ముందు చల్లని టైరులో చూసిన అంకె, ఆగిన వెంటనే చూసినప్పుడు మరీ పెరిగి ఉంటే అదీ తక్కువ గాలికి గుర్తే. గాలి పెంచడమైనా తగ్గించడమైనా చల్లారిన టైరులోనే, రెండేసి పౌండ్ల చొప్పున చేయాలి.

ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. ఫలించిన ఆచరణ నిన్నటి రోడ్డుకే సాక్ష్యం. తడిరోడ్డు మీద, ఘాటు మలుపులో అది ఇంకా పలకని సాక్షి. తప్పని తేలితే ఆ తేలడం ఒంటి మీదే తేలుతుంది. పరీక్షించేవాడు తన ఒళ్లు తాను పణంగా పెట్టుకోగలడు, వెనక సీటులో కూర్చున్న మనిషి ఒళ్లు పెట్టే హక్కు అతనికి లేదు. ఒంటరిగా తేల్చుకున్న అంకె ఆ రెండో మనిషికి చెల్లదు కూడా: ఆ మనిషి ఎక్కగానే బరువు మారుతుంది, గీత మళ్లీ గీయాల్సిందే.